వైజాగ్‌లో రోజూ తిరగడానికి సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్: ఏది తీస్కోవచ్చు, ఏది వదిలేయాలి

కన్వర్టిబుల్, అంటే టాప్ తెరుచుకునే కారు, కొందామనుకునే ప్రతి ఒక్కళ్లూ టాప్ తీసిన ఫోటో చూసే మనసు పారేసుకుంటారు. ఆర్కే బీచ్ దగ్గర మొదలెట్టి తెన్నేటి పార్కు, రుషికొండ దాటుకుంటూ భీమిలి దాకా, ఒక పక్క కొండ ఇంకో పక్క సముద్రం, సాయంత్రం గాలి, అబ్బో. ఆ రోడ్డు ఉన్న ఊళ్లో ఉంటూ ఆ ఆశ లేకపోతేనే విడ్డూరం. కాకపోతే ఇక్కడ మాట్లాడేది ఆదివారం షికారు బండి గురించి కాదు, ఆఫీసుకి, పిల్లల స్కూలుకి, పూర్ణా మార్కెట్‌కి రోజూ వెళ్లాల్సిన బండి గురించి. రోజూ బండి అన్నాక మే నెల మిట్టమధ్యాహ్నం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగాలి, ఆగస్టు వానలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటాలి, గాజువాక వైపు పనుంటే పోర్టు లారీల వెనకాల పాక్కుంటూ పోవాలి.

ఓసారి లెక్కేస్కోండి. మార్చి చివర్నుంచి జూన్ సగం దాకా ఎండ, దానికి తోడు మన ఉక్కపోత, పగలు టాప్ తీస్తే పది నిమిషాల్లో తల మాడిపోతుంది. ఆ తర్వాత సెప్టెంబర్ దాకా వానలు. అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల సీజన్, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసి పోయిందో ఈ ఊళ్లో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఇక మిగిలింది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి, మిగతా నెలల్లో వాన లేని రాత్రుళ్లు, తెల్లవారుజాములు. అంటే ఏ కన్వర్టిబుల్ కొన్నా ఎక్కువ టైమ్ టాప్ మూసే తిరుగుతారు. అందుకే నేను చెప్పేది ఒకటే: టాప్ మూసినప్పుడు బండి ఎలా ఉందో చూసి కొనండి. మూసినప్పుడు ఏసీ లాగుతుందా, వెనకాల కనిపిస్తుందా, వాన చుక్క లోపలికి వస్తుందా, డిక్కీలో కూరగాయల సంచీ పడుతుందా. తీసినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, అందులో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు.

పాత మినీ కన్వర్టిబుల్‌లో కొన్నిటికి ఇంజిన్ మీటర్ పక్కన చిన్న గడియారం లాంటిది ఒకటి ఉంటుంది, టాప్ తీసి ఎన్ని గంటలు నడిపారో అది లెక్కపెడుతుంది. అమ్మకానికి వచ్చిన బండిలో అది కనిపిస్తే ఒకసారి చూడండి, పాత ఓనరు ఎంత తీసి తిరిగాడో తెలుస్తుంది, మీరు ఎంత తిరుగుతారో కూడా ఓ అంచనా వస్తుంది.

ముందు రూఫ్ సంగతి, తర్వాతే బ్రాండు

కన్వర్టిబుల్స్‌లో రెండు జాతులు. గుడ్డ టాప్ ఒకటి, మడిచే రేకు టాప్ ఒకటి. మనోళ్లు బీఎండబ్ల్యూనా బెంజా అని కొట్టుకుంటారు గానీ ఈ ఊళ్లో అసలు తేడా ఇక్కడుంది.

రేకు టాప్ అంటే మూసేస్తే మామూలు కూపే కారే. పిల్లి ఎక్కి పడుకున్నా గోళ్లు దిగవు, బ్లేడు పెట్టి ఎవడూ కోయలేడు, ఎండకి లోపల కాస్త తక్కువ వేడెక్కుతుంది, హైవే మీద చప్పుడు కూడా తక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్ లేకుండా రోడ్డు మీదో చెట్టు కిందో పెట్టుకునేవాళ్లకి ఇదే మంచిది. అయితే ఆ రేకు మడతపడి వెళ్లేది డిక్కీలోకే. బీఎండబ్ల్యూ జడ్4 ఈ89 (E89, ఒక్కో తరానికి కంపెనీ పెట్టుకునే కోడ్) మోడల్లో టాప్ మూసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తీస్తే 180, అది కూడా పళ్లెంలా చదునుగా మిగులుతుంది, పెద్ద సూట్‌కేస్ పట్టదు. పైగా ఆ మడత పని చేయించడానికి హైడ్రాలిక్ పంపు, సిలిండర్లు, సెన్సర్లు, బోలెడు వైరింగ్, ఒక్కో ముక్కకీ మధ్య రబ్బరు సీలు. వీటిలో ఏది పోయినా టాప్ సగంలో ఆగిపోతుంది, ఆగిపోయిన టైమ్‌లోనే వాన కూడా వస్తుంది, అదేం ఖర్మో.

గుడ్డ టాప్ తేలిక, పార్టులు తక్కువ, డిక్కీ అంతగా తగ్గదు. ఇప్పటివి రెండు మూడు పొరలతో మందంగా వస్తున్నాయి, పాత జిప్సీ టాప్ గుర్తుచేసుకుని భయపడక్కర్లేదు. మన దగ్గర వచ్చే బాధలు వేరే. ఒకటి, తేమ. తడి టాప్‌ని అలాగే మడిచి రెండు రోజులు ఉంచితే బూజు పడుతుంది, ఆ వాసన ఏ స్ప్రేకీ పోదు. రెండు, దుమ్ము. వన్‌టౌన్, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు ఉండేవాళ్లకి పోర్టు బొగ్గు పొడి సంగతి నేను చెప్పాలా, బాల్కనీలో ఆరేసిన బట్టల మీద పడేదే కారు గుడ్డ మీదా పడుతుంది, రేకు మీదైతే తుడిస్తే పోతుంది, గుడ్డలోకి ఇంకుతుంది. ఆ ఏరియా అయితే లేత రంగు టాప్ వద్దే వద్దు, నలుపు లేదా ముదురు నీలం చూస్కోండి. మూడు, వాషింగ్ షెడ్డు కుర్రాళ్లు. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టేస్తారు, కుట్లు వదులవుతాయి, గుడ్డ మీద నీళ్లు ఇంకకుండా ఉండే పూత పోతుంది. మెత్తటి బ్రష్షు, షాంపూ, బక్కెట్‌తో ఇంట్లో కడుక్కోవడమే. సంవత్సరానికి ఒకసారి గుడ్డకి వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి.

ఇంతకీ ఏది మేలు అంటే, నీడ పార్కింగ్ ఇంటి దగ్గరా ఆఫీసు దగ్గరా రెండు చోట్లా ఉంటే కళ్లు మూసుకుని గుడ్డ టాప్. ఒక్క చోటే ఉంటే కాస్త ఆలోచించాలి. రెండు చోట్లా లేకపోతే రేకు టాప్ చూడండి, లేదంటే ఈ ఆలోచనే కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇప్పుడు బళ్లు

ఇంటర్నెట్‌లో ఏ ఫారిన్ వీడియో చూసినా మాజ్దా ఎంఎక్స్-5 కొనుక్కో అంటాడు. మన దేశంలో దాన్ని కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు. అది మర్చిపోండి. గోవాలో తయారైన సాన్ స్టార్మ్ అని ఫైబర్ బాడీ టూసీటర్ ఒకటుండేది, రెనో ఇంజిన్‌తో, ఎక్కడైనా దొరికితే దాచుకోడానికి బాగుంటుంది, రోజూ ఆఫీసుకి కాదు. మన దగ్గర నిజంగా అమ్మకానికి వచ్చేవి మినీ, ఆడి ఏ3 కాబ్రియోలే (కన్వర్టిబుల్‌కే ఇంకో పేరు), జడ్4, బెంజ్ ఎస్‌ఎల్‌కే, అప్పుడప్పుడు పోర్షే బాక్‌స్టర్. సీ-క్లాస్ కాబ్రియోలే కూడా ఉంది, 2016 చివర్లో వచ్చింది, నాలుగు సీట్లు, బాగుంటుంది గానీ స్పోర్టీ అనలేను, హాయిగా సోఫాలో కూర్చున్నట్టు ఉంటుంది, బడ్జెట్ కూడా మిగతావాటిని దాటేస్తుంది.

మినీ నుంచి మొదలెడదాం, ఎందుకంటే చాలామందికి చివరికి సరిపోయేది ఇదే. 2016లో వచ్చిన ఎఫ్57 తరం కూపర్ ఎస్ చూడండి, 2 లీటర్ల టర్బో పెట్రోల్, 192 హార్స్ పవర్. టాప్ 18 సెకండ్లలో తెరుచుకుంటుంది, 30 కిలోమీటర్ల స్పీడ్ లోపు నడుస్తూ కూడా తీయొచ్చు, అంటే సిగ్నల్ పడుతుందేమో అని గుండె దడ అక్కర్లేదు. ఇంకో మంచి ఏర్పాటు ఏంటంటే టాప్ మొత్తం తీయకుండా ముందు భాగం మాత్రం సన్‌రూఫ్‌లా వెనక్కి జరపొచ్చు, వైజాగ్ సాయంత్రాలకి చాలామంది వాడేది అదే, మొత్తం తీస్తే పక్క బైకులవాళ్లు ఫోన్ తీసి వీడియోలు మొదలెడతారు, ఇలా అయితే ఎవడూ పట్టించుకోడు. సైజు చిన్నది కాబట్టి ద్వారకానగర్ సందుల్లో, డాబా గార్డెన్స్‌లో పార్కింగ్ దొరుకుతుంది. చెడ్డవి చెప్పాలంటే డిక్కీ 215 లీటర్లు, టాప్ తీస్తే 160. వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోలేరు, పిల్లలైతే ఓకే. టాప్ మూస్తే వెనక కిటికీ చిన్నగా ఉంటుంది, రివర్స్ కెమెరా లేకపోతే కష్టం. సస్పెన్షన్ గట్టిది, మా పెదనాన్న ఒకసారి ఎక్కి ఎండాడ దాటేలోపే దిగిపోతానన్నాడు.

దాని ముందు తరం ఆర్57 చవగ్గా దొరుకుతుంది, 2009 నుంచి 2015 మధ్య. అందులో పాత టర్బో ఇంజిన్ ఉన్నవాటికి, అంటే 2010 వరకు వచ్చిన కూపర్ ఎస్‌కి, టైమింగ్ చెయిన్ (ఇంజిన్ లోపల వాల్వులు టైముకి తెరుచుకునేలా తిప్పే గొలుసు) గోల ఉంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే డీజిల్ ఇంజిన్‌లా టకటక మంటే ఆ బండి దగ్గర్నుంచి వెనక్కి వచ్చేయండి. అమ్మేవాడు ముందే ఇంజిన్ వేడి చేసి రెడీగా పెట్టాడంటే అనుమానించాల్సిందే, బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఆర్57లో 2011 తర్వాతవి ఇంజిన్ మారింది, తీస్కుంటే అవే తీస్కోండి.

ఆడి ఏ3 కాబ్రియోలే మనకి 2014 డిసెంబర్‌లో వచ్చింది, 1.8 లీటర్ టర్బో పెట్రోల్, 180 హార్స్ పవర్, ముందు చక్రాలకి పవర్. స్పోర్ట్స్ కారు అని ఎవరైనా అంటే నవ్వుకుంటారు, నడపడంలో మినీ అంత హుషారు ఉండదు, నిజమే. కానీ రోజూ బండి అనే మాటకి మిగతా అన్నిటికంటే న్యాయం చేసేది ఇదే. 50 కిలోమీటర్ల స్పీడ్ వరకు టాప్ తీయొచ్చు, మూయొచ్చు, రుషికొండ దగ్గర చినుకు మొదలైతే ఆగక్కర్లేదు. డిక్కీ 320 లీటర్లు, టాప్ తీసినా పెద్దగా తగ్గదు. వెనకాల ఇద్దరు నిజంగా కూర్చోగలరు, చీర కట్టుకున్నవాళ్లు ఎక్కి దిగడానికి కూడా ఇబ్బంది తక్కువ, సీటు మరీ నేల మీద ఉండదు. పెళ్లాం పిల్లలు ఉన్న ఇంట్లో ఒకే కారు ఇదే అవ్వాలంటే నా ఓటు దీనికే.

ఏ3లో చూస్కోవాల్సింది గేర్‌బాక్స్. 7 గేర్ల ఎస్-ట్రానిక్ ఆటోమేటిక్, డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్ నూనెలో మునిగి ఉండదు. ఈ గేర్‌బాక్స్‌కి పాక్కుంటూ పోయే ట్రాఫిక్ పడదు, జగదాంబ నుంచి పాత పోస్టాఫీసు దాకా సాయంత్రం ఆరింటికి ఒకసారి తోలితే దాని సంగతి బయటపడుతుంది. మొదటి గేర్ నుంచి రెండో గేర్‌కి వెళ్లేటప్పుడు వణుకు, రివర్స్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు దడదడ, మీటర్‌లో గేర్ బొమ్మ మిణుకుమిణుకు, ఈ మూడిట్లో ఏదున్నా క్లచ్చో మెకట్రానిక్ యూనిట్టో (గేర్లు మార్చే కంట్రోల్ పెట్టె) ఖర్చు ముందుందని లెక్క, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి లేదా వేరే బండి చూడండి. అందుకే టెస్ట్ డ్రైవ్ హైవే మీద చేయొద్దు, అమ్మేవాళ్లు ఎప్పుడూ హైవే మీదకే తీసుకెళ్తారు. 2017లో వచ్చిన కొత్త మూతి ఏ3లో ఇంజిన్ 1.4కి తగ్గింది, 150 హార్స్ పవర్, మైలేజీ కాస్త మెరుగు, బీచ్ రోడ్డుకి అది సరిపోతుంది.

ఇక జడ్4. అందరి కలలూ ఇక్కడే ఉంటాయి. ఈ89 తరం, 2009 నుంచి 2016 వరకు, రేకు టాప్, పొడవాటి బోనెట్, కూర్చుంటే వెనక చక్రాల మీదే కూర్చున్నట్టు ఉంటుంది. మన దగ్గర వచ్చింది ఎస్‌డ్రైవ్35ఐ, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో, 306 హార్స్ పవర్. ఆ ఇంజిన్ చప్పుడు విన్నాక మినీ వైపు తిరిగి చూడాలనిపించదు, అది కూడా నిజం. ఇదే ఇంజిన్‌కి ప్రపంచమంతా తెలిసిన రోగాలున్నాయి: హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, కరెంటు వాటర్ పంపు, టర్బో వేస్ట్‌గేట్ (టర్బో ప్రెషర్‌ని అదుపు చేసే వాల్వు) గలగల. ఇవన్నీ మార్చిన బిల్లులు చూపిస్తే సంతోషంగా కొనండి, ఏమీ మార్చలేదు బండి చాలా బాగుంది అంటే, ఆ బిల్లులు ఇక మీ పేరు మీద వస్తాయని అర్థం. స్టెప్నీ లేదు, రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి), గుంతలో పడితే టైరు పక్కన ఉబ్బుతుంది, మూల మీద ఉన్న పంక్చర్ షాపువాడు చెయ్యి పెట్టడు. రెండే సీట్లు, కింద తగిలే స్పీడ్ బ్రేకర్లు మన కాలనీల్లో ఎన్నున్నాయో మీకే తెలుసు. ఇంట్లో ఇంకో మామూలు కారు ఉంటేనే జడ్4, లేకపోతే ఆరు నెలల్లో అమ్మకానికి పెడతారు.

2019లో మనకి వచ్చిన కొత్త జడ్4 మళ్లీ గుడ్డ టాప్‌కి మారింది, 10 సెకండ్లలో 50 స్పీడ్ వరకు తెరుచుకుంటుంది, డిక్కీ తీసినా మూసినా 281 లీటర్లే. బీఎండబ్ల్యూ వాళ్లే రేకు వదిలి గుడ్డకి వెనక్కి వచ్చారంటే కారణం లేకుండా ఉండదు, బరువు, చోటు రెండూ కలిసొచ్చాయి. బడ్జెట్ అందితే ఎం40ఐ, దాని 340 హార్స్ పవర్ ఇంజిన్‌కి పాత దానికంటే మంచి పేరుంది.

బెంజ్ ఎస్‌ఎల్‌కే గురించి ఎవరూ మాట్లాడరు, అది నాకు ఆశ్చర్యం. 2011లో వచ్చిన ఆర్172 తరం ఎస్‌ఎల్‌కే 350 తీస్కోండి, టర్బో లేని వీ6, అదీ 306 హార్స్ పవరే, మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మన ట్రాఫిక్‌కి ఇంతకంటే గొడవలేని జంట దొరకదు. టూసీటర్ కావాలి, తలనొప్పి వద్దు అనేవాళ్లకి జడ్4 బదులు ఇదే చెప్తా. స్టీరింగ్‌లో జడ్4 అంత పదును లేదు, సరే. చూడాల్సినవి రెండు: పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో రెండు మూడు సెకండ్లు చెయిన్ దగ్గర గరగర వస్తుందా, రూఫ్ సిలిండర్ల దగ్గర నూనె తడి ఉందా. దానికి ముందు తరం ఆర్171 అయితే 2007కి ముందు వీ6ల్లో బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు అరిగిపోయే సమస్య ఉంది, అది మార్చాలంటే ఇంజిన్ దింపాలి, వదిలేయండి.

బాక్‌స్టర్ నడపడంలో వీటన్నిటికీ అన్న. ఇంజిన్ మధ్యలో ఉంటుంది కాబట్టి ముందొక డిక్కీ వెనకొక డిక్కీ, రెండూ కలిపితే టూసీటర్‌కి సామాను బాగానే పడుతుంది, వింతగా ఉన్నా నిజం. 2008 వరకు వచ్చిన ఇంజిన్లకి ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ని మోసేది) అనే గండం ఉంది, 2009 నుంచి ఆ షాఫ్టే తీసేశారు. అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ మలుపుల్లో దీన్ని నడిపితే ఇంకేదీ నచ్చదు. కానీ పార్టు ఒకటి కావాలంటే ఎన్ని వారాలు పడుతుందో, ఎవరు వేస్తారో ముందే తెలుసుకోకుండా రోజూ బండిగా మాత్రం వద్దు.

ఇక్కడ ఒక్క మాట, ఇది వింటే కన్వర్టిబుల్ అభిమానులకి కోపం వస్తుంది. మీక్కావల్సింది గాలి, ఆకాశం మాత్రమే అయితే, 2020 అక్టోబర్ 2న వచ్చిన థార్‌లో సాఫ్ట్ టాప్ రకం చూడండి. టాప్ చేత్తో మడవాలి, స్పోర్టీ కాదు, హైవే మీద చెవులు హోరెత్తుతాయి. అయినా 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల నీళ్లల్లో నడుస్తుందని కంపెనీయే చెప్తోంది, పార్టులు ఊళ్లోనే దొరుకుతాయి. వానాకాలంలో ఏ3 ఓనరు ఇంట్లో కూర్చుంటే థార్ ఓనరు పకోడీలకి బయల్దేరతాడు.

చూసేటప్పుడు

టాప్‌ని వరసగా రెండు మూడు సార్లు తీసి మూయించండి, ఒకసారి ఎండలో నిలబెట్టాక కూడా. ఫోన్‌లో టైమ్ చూడండి, 18 సెకండ్లది 30 సెకండ్లు పడుతుంటే పంపో బ్యాటరీయో నీరసపడింది. ఒక పక్క ముందు, ఇంకో పక్క వెనక కదులుతుంటే ఫ్రేమ్ వంకర. తర్వాత ఎవరినైనా పైపు పట్టుకుని పై నుంచి నీళ్లు పోయమని మీరు లోపల కూర్చోండి, అద్దం, టాప్ కలిసే మూల, ముందు స్తంభం పైభాగం, ఈ రెండు చోట్లే చుక్క మొదలవుతుంది. రబ్బరు సీళ్లు మన ఎండకి గట్టిపడి పగుళ్లిస్తాయి, వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. టాప్ పక్కన నీళ్లు కిందకి పోయే సన్నటి డ్రైన్ పైపులుంటాయి, ఆకులు, ఇసుక పడి అవి మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందకి చేరతాయి, అక్కడే చాలా బళ్లల్లో ఎలక్ట్రానిక్ బాక్సులుంటాయి. కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి, డిక్కీలో కింద పలక కూడా ఎత్తండి.

వరద బళ్ల విషయంలో జాగ్రత్త. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, రెండు చోట్లా కార్లు నీళ్లల్లో మునిగాయి, అలాంటివి శుభ్రం చేసి మళ్లీ మార్కెట్‌లోకి వచ్చేస్తాయి. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే అయిపోయింది. సీటు పట్టాల కింద తుప్పు, ఫ్యూజ్ బాక్సులో మట్టి, కారెక్కగానే గుప్పుమనే సెంటు వాసన, ఇవన్నీ సూచనలే.

ఉప్పుగాలి గురించి కూడా. బీచ్ రోడ్డు వెంబడి అపార్ట్‌మెంట్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తుప్పు పడతాయో చూశారుగా, కారు అడుగుభాగంలో బోల్టులు, బ్రేక్ పైపులు, రూఫ్ లివర్ల కీళ్లు అదే గాలి పీలుస్తాయి. అందుకే ముంబై బండి, చెన్నై బండి కంటే హైదరాబాద్, బెంగళూరు బండికి నేను ఓ పాతిక వేలు ఎక్కువైనా ఇస్తాను. ఇక్కడికి తెచ్చాక వారానికోసారి మంచినీళ్లతో అడుగు కడిగించండి. లిఫ్ట్ మీద ఎక్కించి చూడకుండా ఏ బండికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

కాగితాలు, ఖర్చులు

ఢిల్లీ బళ్లు చవగ్గా కనిపిస్తాయి, అక్కడ పెట్రోల్ బండికి 15 ఏళ్లు, డీజిల్‌కి 10 ఏళ్లు అనే నిబంధన ఒత్తిడి ఏళ్లుగా ఉంటూ రావడం దానికో కారణం. చవక అనుకుని తెచ్చాక ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బండి వయసుని బట్టి తగ్గుతుంది గానీ కొత్తప్పటి ధర మీద లెక్క కాబట్టి ఖరీదైన బండికి గట్టిగానే పడుతుంది. కొనే ముందే మాధవధార ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి ఆర్సీ కాపీ చూపించి ఎంతవుతుందో అడగండి, అడగడానికి డబ్బులేం తీసుకోరు. పాత రాష్ట్రం నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, ఓనరు మార్పుకి ఫారం 29, 30, లోన్ ఉండి తీరిపోతే ఫారం 35. హైదరాబాద్‌లో ఏపీ 09 నంబరుతో ఉన్న పాత బండి కనిపిస్తే మన రాష్ట్రం నంబరే కదా అనుకోకండి, 2014 విభజన తర్వాత ఆ రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గరుంటుంది, కాగితాలు అక్కడ్నుంచే కదలాలి.

పెట్రోల్ సంగతి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బళ్లు చాలావరకు ఈ20 పెట్రోల్‌ని (20 శాతం ఇథనాల్ కలిపింది) దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మూత లోపల ఈ5 అనో ఈ10 అనో రాసి ఉందేమో చూడండి. పాత ఫ్యూయల్ గొట్టాలు, రబ్బర్లు ఏ స్థితిలో ఉన్నాయో మెకానిక్‌తో చూపించుకోవడం మంచిది. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ భాగం 2022లో ఖరారైన రేట్ల ప్రకారం 1500 సీసీ పైన 7,897 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీకి 3,416, దాంట్లో కొత్త ఏ3 1.4కి లాభం. ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి ఇచ్చే భాగం) దగ్గరే తేడా వస్తుంది, పాత బండికి జీరో డెప్ (పార్టు పాతదని కోత వేయని కవర్) ఇవ్వడానికి చాలా కంపెనీలు ముందుకు రావు, రూఫ్ మెకానిజం, గుడ్డ, వెనక అద్దం పాలసీలో ఎలా రాశారో చదవండి.

బండి ధర సగానికి పడిపోయింది కదా అని పార్టు ధర పడదు. ఏ3 కొత్తప్పుడు 44 లక్షల పైన, ఇప్పుడు ఎంతకి కొన్నా హెడ్‌లైటు మాత్రం ఆ 44 లక్షల కారుదే. కొన్న ధరలో ఐదో వంతు విడిగా పక్కన పెట్టుకోలేకపోతే ఒక మెట్టు కిందున్న బండి చూడటం నయం. మీ చేతికి అందే వర్క్‌షాప్‌కి ముందే ఫోన్ చేసి, సర్వీస్ చేస్తారా అని కాదు, రూఫ్ హైడ్రాలిక్స్ ఇక్కడే విప్పుతారా లేక హైదరాబాద్ పంపుతారా అని అడగండి. ఆరు వందల కిలోమీటర్లు ఫ్లాట్‌బెడ్ మీద పంపడం అంటే చిన్న ఖర్చు కాదు.

బేరం కుదిరాక డబ్బు చేతులు మారే ముందు ఈ సామాను అడిగి తీస్కోండి, తర్వాత అడిగితే ఎవరూ వెతకరు: రెండో తాళం, టాప్ ఆగిపోతే చేత్తో మూయడానికి కంపెనీ ఇచ్చే స్పానరో రాడ్డో ఉంటే అది, వెనక సీట్ల మీద బిగించే గాలి అడ్డు వల, చక్రాల లాక్ బోల్టుల అడాప్టర్. ఆ చివరిది గ్లవ్ బాక్సులోనో డిక్కీ మూలలోనో ఉండే అరచేతిలో పట్టే ముక్క, అది లేకపోతే టైరు విప్పడం ఏ పంక్చర్ షాపు వల్లా కాదు.